రెండోసారి చల్లిన నీళ్ళు

ఇది ఇంతకాలం రాయకపోవడానికి కారణం భయం కాదు. నాకు రాయడం వచ్చేది కాదు. యాభై దాటాక, బూర్గంపాడులో మా చర్చి వెనక గదిలో సాయంత్రం బడి పెడితే అక్కడ అక్షరాలు దిద్దుకున్నాను. అంతకుముందు ఇద్దరికి చెప్పి రాయించాను. ఒకరు సైతాను పని అని రాశారు. ఇంకొకరు మేకకు మాటలు పెట్టారు. చదివి వినిపిస్తే నాకే నవ్వొచ్చింది. అందుకే ఇప్పుడు నా చేత్తో నేనే రాస్తున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అడవి ఊళ్ళన్నీ ఒక్కదాన్నే తిరిగాను. ఆ దారుల్లో నాకు ఎదురైంది పాములు, ఎలుగుబంట్లు, తాగిన మగవాళ్ళు. అంతే. ఈ సంగతి తలుచుకున్నా నాకు భయం వేయదు. పెదవి తుడుచుకుంటాను.

డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే మా వైపు కనబడుతున్న రోజులు. హైదరాబాదు నుంచి ఒక ఫోటో సారు వచ్చి మా ముందు గదిలో కిరాయికి దిగాడు. కదిలేవాటిని ఫోటో తీయడం ఆయన పిచ్చి. పరుగెత్తే ఎడ్లు, ఎగిరే కొంగలు. ఏదో పోటీకి పంపాలట. అడవి ఊళ్ళలో నాకు మనుషులు తెలుసు కాబట్టి దారి చూపడానికి రమ్మన్నాడు.

ఆ పొద్దున మా వాకిట్లో కెమెరా నా చేతికిచ్చి కోళ్ళ మీద పెట్టి చూడమన్నాడు. నిలబడ్డ కోడి మీద పెడితే కెమెరా కీక్‌మని ఒక్క కూత కూసి ఆగిపోయింది. కోడి కదిలితే కూత లేదు. లోపల మోటారు జుయ్ జుయ్‌మంటూ దాని వెంటే తిరిగింది. కోడి నా వైపు వచ్చేకొద్దీ ముందున్న గొట్టం తిరుగుతూ బయటికి సాగింది. మూరెడు కంటే దగ్గరికొస్తే మాత్రం దానికి పట్టు చిక్కదని, అంతా మసకేనని ఆయనే చెప్పాడు.

"కదిలేది ఏదైనా ఇది వదలదమ్మా," అన్నాడు గొప్పగా.

మేం వెళ్ళింది లచ్చమ్మ వాళ్ళ ఊరికి. నా దగ్గర చేపలు కొనే కోయ పిల్ల. వానాకాలమంతా ఆమె చిన్న కూతురికి జ్వరం. తగ్గితే ముత్యాలమ్మకు మేకనిస్తానని మొక్కుకుంది. తగ్గింది. ఆ రోజు మొక్కు తీరుస్తున్నారు.

వాళ్ళ పద్ధతిలో మేక మీద పసుపునీళ్ళు చల్లి ఆగుతారు. మేక ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కోయరు. ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. మేం క్రైస్తవులం, ఆ మాంసం కూడా తినం. అయినా నేను చెప్పులు విడిచి ఒక పక్కన నిలబడ్డాను.

లచ్చమ్మ మామ నీళ్ళు చల్లాడు. నల్లమేక వెంటనే ముక్కు నుంచి తోక దాకా విదిలించింది.

"ఒప్పుకున్నది!" అన్నాడు ముసలాయన. లచ్చమ్మ పిల్లను గుండెకు అదుముకుని ఏడ్చేసింది.

ఫోటో సారు మాత్రం తిట్టుకున్నాడు. కెమెరా మేకను వదిలేసి దాని వెనక చెట్టును పట్టుకుందట. చెట్టు స్పష్టంగా, మేక మసకగా పడింది.

"ఇంకోసారి చల్లమని చెప్పమ్మా," అన్నాడు నాతో.

"గట్ల అడగొద్దు సారూ. ఒప్పుకున్నంక మళ్ల అడిగితే నమ్మనట్టే."

"మేకకేం తెలుస్తుంది!" అని నవ్వి, తన సీసా పట్టుకెళ్ళి నీళ్ళన్నీ దాని వీపు మీద గుమ్మరించాడు. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టేలోపే అయిపోయింది.

మేక కదల్లేదు. చెవి కూడా ఆడించలేదు. "అయ్యో, నా బిడ్డ," అంది లచ్చమ్మ.

సారు నా పక్కకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా కంటికి పెట్టుకున్నాడు. మేక అటు దూరంగా రాయిలా నిలబడి ఉంది. కెమెరా కూయాలి. కూయలేదు. జుయ్ జుయ్‌మంటూ గొట్టం సాగడం మొదలైంది. ఆయన విసుక్కుని చెట్టు మీద పెట్టాడు, కీక్‌మంది. నా మీద పెట్టాడు, కీక్‌మంది. మళ్ళీ మేక మీద పెట్టాడు. జుయ్ జుయ్. పొద్దున కోడి నా కాళ్ళ దగ్గరికి వస్తున్నప్పుడు సాగినట్టే గొట్టం సాగి సాగి, ఇక సాగలేక ఆగింది. ఆయన మీట నొక్కాడు.

సరిగ్గా అప్పుడు మా మొహాల ముందు మేక ఒళ్ళు విదిలించిన చప్పుడైంది. చెవులు టపటపా కొట్టుకున్నాయి. తుంపర్లు నా మొహం మీద పడ్డాయి. ఒకటి పెదవి మీద. గోరువెచ్చగా, ఉప్పగా, తడిసిన మేక కంపుతో. మేక అక్కడే ఉంది, కదలకుండా. నేను ఉమ్మాను. ఉమ్ముతూనే ఉన్నాను.

ముసలాయన మేకను చూడటం లేదు. మా ముందున్న ఖాళీ జాగాను చూస్తున్నాడు.

"తాడు ఇప్పుండ్రి. ఇయ్యాల కోసేది లేదు," అన్నాడు.

"మరి నా మొక్కు, మామా?" అంది లచ్చమ్మ.

బస్సు కోసం నిలబడ్డప్పుడు సారు కెమెరా వెనక అద్దంలో చివరి ఫోటో చూపించాడు. ఫోటో నిండా వెంట్రుకలే. తడిసి, జిడ్డుగా అంటుకుపోయి, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. మేక నల్లది. ఆ వెంట్రుకలు ఎర్రవి. ఆయన కెమెరా మూసి, రుమాలుతో మొహం తుడుచుకుని, వాసన చూసుకుని, వాంతి చేసుకున్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. నాకు జాలి కలగలేదు. తనది కాని మొక్కులో చెయ్యి పెట్టి కెలికిన మనిషి.

కెమెరా చెడిపోయిందేమో. తుంపర్లు ఆయన సీసావేనేమో. వాటికి ఆ వెచ్చదనం, ఆ ఉప్పదనం ఎక్కడివో, ఆ ఎర్రవెంట్రుకలు ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు. సబ్బుతో ఎంత తోమినా వాసన పోలేదు. అన్నం ముట్టలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే గంప లేకుండా మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. లచ్చమ్మ గడపలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల ఒళ్ళు చల్లగానే ఉంది. అయినా ఆమె మాటిమాటికీ నుదురు తాకి చూస్తోంది. మేక నిన్నటి చోటే నిలబడి ఉంది. రాత్రంతా గాలి వీచినా దాని వీపు తడి ఆరలేదు.

"ఇదిలించలే అక్కా. ఆ నీళ్లు దాని మీద ఉన్నంతసేపు ఆ సారు రెండోసారి అడిగిన మాట అట్లనే ఉంటది. మేం తుడువొద్దు, మేక ఇప్పుడు అమ్మది." నా వైపు చూసింది. "నువ్వు మా అమ్మను మొక్కవు గద."

దగ్గరికి వెళ్తుంటేనే ఆ కంపు కొట్టింది. ఊపిరి బిగబట్టి మేక పక్కన కూర్చుని, నా కొంగుతో మెడ నుంచి తోక దాకా దాన్ని పొడిగా తుడిచాను.