మామిడిపండ్ల పాటలో నాలుగో పాదం

నాకు సంగీతం తెలియదు. తెలుసుకోవాలన్న కోరిక ఎప్పుడైనా పుట్టి ఉంటే, దాన్ని మా పక్కింటి మద్దిలేటి పుట్టినచోటే తొక్కేశాడు. ఆయన మగ్గానికీ నా మగ్గానికీ మధ్య ఒక్క మట్టిగోడ. ఆ గోడ అవతల ముప్పై ఏళ్లకు పైగా ఒకే పాట. అదైనా పూర్తిగా ఉందా అంటే లేదు. నాలుగు పాదాల పాటలో మూడే ఆయనకు వచ్చు.

వయసులో విన్న పాట చచ్చేదాకా ఎందుకు వదలదో పెద్ద చదువులు చదివినవాళ్లు ఏవేవో చెప్తారు, హృదయం అంటారు, రసం అంటారు. నా లెక్క వేరు. పాట గుర్తుండిపోవడానికి రసం అక్కర్లేదు. అది వింటుండగా చెవి మెలిపెట్టే నాయన ఒకడుంటే చాలు.

మాది బనగానపల్లెకు దగ్గర్లో నేతవాళ్ల ఊరు. ఇంగ్లండులో ఎడ్వర్డు రాజు చచ్చిపోయిన ఏడాది, మామిడికాయలు పండే కాలంలో, పగటివేషగాళ్లు మా వీధికి వచ్చారు. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి, ఇదంతా తర్వాత విన్నదే. చౌడమ్మ గుడి ముందే ఆట మొదలుపెట్టారు. ఒకడు కొత్తల్లుడి వేషం కట్టి తలగుడ్డ చుట్టుకున్నాడు. ఇంకొకడు పెళ్లాం వేషంలో మూతి తిప్పుకుంటూ నిలబడ్డాడు. మద్దెల మోగగానే మగ్గాలన్నీ ఆగిపోయాయి. మద్దిలేటికి అప్పుడే మీసం మొలుస్తోంది. నాయన రామలింగప్ప నిద్రపోతున్నాడు గదా అని కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోంచి దూకి వీధిలోకి పరిగెత్తాడు.

అల్లుడు పాట ఎత్తుకున్నాడు.

బనగానపల్లె సంతకు పోతి, బుట్టెడు పండ్లు తెస్తినే
మామకు తొక్క, అత్తకు టెంక, పంచి పంచి పెడితినే
మూతి ముడిసిన చిన్నదాన, మొగమిట్ల తిప్పవే

ఇక్కడ అల్లుడు కన్నుగీటి, చెయ్యి తలగుడ్డ మీదికి తీసుకుపోయాడు. సరిగ్గా అప్పుడే రామలింగప్ప వెనకనుంచి వచ్చి కొడుకు చెవి పట్టుకున్నాడు. పట్టుకుని ఊరుకోలేదు, మెలిపెట్టాడు. మెలిపెట్టిన చెవితోనే ఇంట్లోకి ఈడ్చుకుపోయి మళ్లీ గుంటలో కూర్చోబెట్టాడు. బయట వీధంతా గొల్లుమంది. నాలుగో పాదానికి నవ్వారో, తన చెవికి నవ్వారో మద్దిలేటికి తెలియలేదు.

చెవి మంట సాయంత్రానికి తగ్గింది. పాట మాత్రం కాళ్లలోకి దిగింది. గుంట మగ్గంలో కాళ్లూ చేతులూ ఒక వరసలో నడవాలి. కింద తొక్కుతూ, పైన దారం కండె పెట్టిన నాడె విసిరి, అడ్డంగా పడ్డ పేక దారాన్ని దెబ్బవేసి దగ్గరికి కొట్టాలి. ఒక్కో నేతగాడికి ఒక్కో నడక ఉంటుంది. మద్దిలేటి నడక ఆ పాటే. మొదటి పాదం, రెండో పాదం, మూడో పాదం దాకా దెబ్బలు టకటకా పడేవి. మూడోది ముగియగానే గొంతు తడబడేది, దాంతోపాటు చెయ్యి మెత్తబడేది. ఆ ఒక్క దెబ్బ సరిగా పడక బట్టలో పలుచటి గీత మిగిలేది. పాట మళ్లీ మొదలు, గీత మళ్లీ సిద్ధం. ఆయన నేసిన పంచె ఎత్తి ఎండకు పట్టుకుంటే ఎన్నిసార్లు పాడాడో తెలిసిపోయేది. సంతలో దాన్ని మద్దిలేటి గీత అనేవారు. అనుకుంటూనే కొనేవారు, పంచెకు గీత ఉంటే పంచె కాకుండా పోతుందా అని.

ఆయనకు మాత్రం అది రాచపుండులా ఉండేది. ఆ నాలుగో పాదం కోసం అడగని మనిషి లేడు. ఆ రోజు ఆట చూసిన ప్రతి ముసలాడూ ఒక్కో పాదం చెప్పాడు. అన్నీ వేరు వేరు, అన్నీ బూతులే. అందరికన్నా పచ్చిది ఓబన్న చెప్పాడు. ఓబన్న తర్వాత మా కులపెద్ద అయ్యాడు గనక దాన్ని ఇక్కడ రాయను. మద్దిలేటి అహోబిలం తిరునాళ్లకు పోయినా, నరసింహస్వామిని చూసేముందు వేషగాళ్లను వెతికేవాడు. దేవుడు కొండ దిగి యాడికీ పోడు, వేషగాళ్లు పోతారు అని ఆయన వాదం. వాళ్లూ దొరకలేదు.

కాలం మారింది. ఊళ్లోకి గ్రామఫోను వచ్చింది. మద్దిలేటి పోయి దాని మూతిలోకి తొంగిచూసి, మామిడిపండ్ల పాట ఉందా అని అడిగి, లేదంటే తిరిగొచ్చాడు. నంద్యాలలో టాకీ చూపిద్దామని నేనే బండెక్కించి తీసుకుపోయాను. ఆట ముగిశాక ఎట్లుంది అంటే, పాటలు శానా ఉండాయి గానీ ఒకటీ పాట మాదిరి ల్యా అన్నాడు. ఎడ్వర్డు రాజు తర్వాత ఈ దేశంలో ఎవరూ పాట కట్టలేదనే ఆయన నమ్మకం. నవ్వుకున్నాను గానీ, నాకూ మా అమ్మ చేసిన కొర్రన్నం తర్వాత లోకంలో ఎవరికీ అన్నం వండడం రాలేదు. ఎవడి పిచ్చి వాడికి ఆనందం.

ఆయన పెళ్లాం గిడ్డమ్మ మేనమామ కూతురే. మగ్గం పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. పాట మూడో పాదానికి వచ్చేసరికి ఆమె మూతి బిగించుకుని రాట్నం ఇంకా గట్టిగా తిప్పేది. ఆ బూతుపాటంటే అసహ్యమేమోనని వీధంతా అనుకున్నాం. పాపం, ఇట్లాంటి మొగుణ్ణి కట్టుకుని ఎట్లా వేగుతోందో అని మా ఆడవాళ్లు జాలిపడేవారు కూడా.

మా వీధిలో ఒక ఆచారం ఉంది. ఉగాదికి చౌడమ్మకు కట్టే చీర ప్రతి ఏడూ ఒక ఇంటివాళ్లు నెయ్యాలి. నేసిన చీరను గుడి లోపలి చీకటింట్లో ఇద్దరు విప్పి పట్టుకుంటారు. కులపెద్ద వెనక దీపం పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడుస్తాడు. వెలుగు ఒకే తీరుగా కనిపిస్తే చీర అమ్మవారిది. ఎక్కడైనా ఎక్కువ కనిపించిందా, చీర ఇంటికి, పరువు వీధిలోకి. మద్దిలేటి వంతు అంతకుముందు ఒకసారి వచ్చింది. దీపం పెట్టగానే ఆయన చీర నిచ్చెన మాదిరి మెట్లు మెట్లుగా వెలిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చీర మడిచి చంకలో పెట్టుకుని పోయాడు, రెండు రోజులు బయటికి రాలేదు.

మళ్లీ ఆయన వంతు వచ్చేసరికి తెల్లవాళ్లు పోతారు పోతారని అంతా అనుకుంటున్న ఏడాది అయింది. నూలు మీద కంట్రోలు. వీధంతా తలా కాస్త కూడేస్తే ఒక్క చీరకు సరిపోయింది. చెడితే రెండోసారి నెయ్యడానికి దారం లేదు. పైగా ఈసారీ దీపం పరీక్ష తప్పితే ఆ ఇంటి వంతు తీసేస్తామని పెద్దలు తేల్చేశారు. ఆ మాట చెప్పడానికి ఓబన్నే వచ్చాడు.

“ఏమప్పా మద్దిలేటీ, ఈసారన్నా ఆ పాట కట్టిపెట్టు. అమ్మవారికి చీర నేస్తాండావు, మామిడిపండ్లు అమ్ముతా ల్యావు.”

మద్దిలేటి తల ఊపాడు. ఓబన్న పోయాక గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు. కూతుళ్లు అత్తగారిళ్లకు పోయారు, కొడుకులు లేరు.

“మహానందీ, నా తరవాత ఈ గుంటలో కూసునేటోడు ల్యాడు. ఒక్కసారన్నా మా ఇంటి చీర ఆయమ్మ ఒంటిమీద సూడాలప్పా.”

నవ్వినందుకు నాకు అప్పుడు సిగ్గేసింది. నిన్ను మించిన నేతగాడు లేడని ఏదో అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

పాట లేకుండా మగ్గం మొదలైంది. ముప్పై ఏళ్లుగా ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసిన నాకు, ఆగాక పని సాగలేదు. ఆయనకు అసలే సాగలేదు. కాలు ఒకటి తొక్కితే చెయ్యి ఇంకోటి విసిరేది. ఇంతకుముందు పాటకొక గీత పడేది, ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ పడింది. ఊడదీశాడు, మళ్లీ నేశాడు. భజన పాడి చూడమని సలహా ఇచ్చాను. కాంగ్రెసు పిల్లలు మా వీధిలో నేర్పించిన భజన ఒకటి ఎత్తుకున్నాడు. భక్తి ఎక్కువై రెండో పాదానికే నాడె చేతిలోంచి జారింది. ఊడదీసి ఊడదీసి పేక దారం నూగు లేచింది. ఇంకొక్కసారి ఊడదీస్తే తెగిపోయేటట్టుంది.

ఉగాది ముంచుకొచ్చింది. ఒక మధ్యాహ్నం గోడ అవతల అంతా ఆగిపోయింది. ఆయన గుంటలోంచి లేచిన చప్పుడు వినిపించింది. ఓబన్న ఇంటికి పోతున్నాననీ, వంతు వదులుకుంటున్నానని చెప్పి వస్తాననీ పెళ్లాంతో అన్నాడు. ఆమె రాట్నం తిరుగుతూనే ఉంది. తర్వాత ఒక గొంతు లేచింది. తీయటి గొంతేమీ కాదు, కోళ్లను అదిలించే గొంతు.

బనగానపల్లె సంతకు పోతి, బుట్టెడు పండ్లు తెస్తినే...

గిడ్డమ్మ. నా చేతిలో నాడె చేతిలోనే ఉండిపోయింది. మొదటి పాదం అయింది, రెండోది అయింది. మూడోది అయింది. అలవాటు కొద్దీ నేను కూడా ఊపిరి బిగపట్టాను. ఆమె ఆగలేదు.

తలగుడ్డలోన ఒకటి దాస్తి, ఎవురికీ చెప్పాకే.

అంతే. అందులో బూతు లేదు. అత్తకూ మామకూ తొక్కా టెంకా పంచిపెట్టి, పెళ్లాం కోసం ఒక మంచి పండు తలగుడ్డలో దాచుకొచ్చి, ఎవరికీ చెప్పొద్దనే మొగుడి మాట. దీనికోసం మా ముసలాళ్లు ఎన్ని పాపాలు కట్టుకున్నారో.

గుమ్మం దగ్గరినుంచి మద్దిలేటి గొంతు వినిపించింది.

“నీకు తెలుసునా?”

“ఆ పొద్దు మీ ఊరికి వచ్చింటి గదా నేను? నీ చెవి పట్టుకొని ఈడ్సకపోతాంటే సూసి నవ్విన దాన్ని నేనే.”

“మరి ఇన్నేండ్లూ సెప్పకపోతివి?”

“ఊరంతా అడిగితివి. తిరునాళ్లకు పోయి అడిగితివి. పక్కన కూసోని కండెలు సుడతాండే దాన్ని ఒక్కపొద్దన్నా అడిగితివా?” రాట్నం ఆగింది. “అయినా ఎవురికీ సెప్పాకే అని పాటలోనే ఉండాది గదా.”

గోడ ఇవతల నేను నవ్వు ఆపుకోలేక గుడ్డ నోట్లో కుక్కుకున్నాను. ఎందుకో కళ్లు కూడా తడిశాయి. అవతల ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియదు. కాసేపటికి గుంటలోకి దిగిన చప్పుడైంది. ఆమె మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మగ్గం కదిలింది. మూడో పాదం దాటి నాలుగోదాని మీదికి, అక్కడినుంచి మళ్లీ మొదటిదాని మీదికి, ఎక్కడా దెబ్బ మెత్తబడకుండా నడిచింది. చీర అయ్యేదాకా ఆమె పాడుతూనే ఉంది.

ఉగాది నాడు చీకటింట్లో చీర విప్పాము. ఒక చివర నేను పట్టుకున్నాను. ఓబన్న దీపంతో ఆ చివరికి పోయి, నమ్మకం లేక వెనక్కి వచ్చి, మళ్లీ పోయాడు. వెలుగు ఒకే తీరుగా ఉంది. ఏ పాట పాడుకుంటూ నేశావని అడిగాడు. మద్దిలేటి నోరు తెరిచేలోపు గిడ్డమ్మ, అమ్మవారు విన్న పాటే అని చెప్పింది. అందులో అబద్ధం లేదు. వేషగాళ్లు ఆడింది ఆయమ్మ వాకిట్లోనే గదా. చీర చౌడమ్మకు కట్టారు. మద్దిలేటి దణ్ణం పెట్టడం మరిచిపోయి అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత గోడ అవతల పాటకు రెండు గొంతులు వచ్చాయి. నాలుగో పాదం వచ్చినా ఆయన దాన్ని పాడేవాడు కాదు. మూడో పాదం ముగించి ఊరుకునేవాడు, నాలుగోది ఆమె అందుకునేది. బట్ట నున్నగా దిగేది. ఆమె కూతుళ్లను చూడడానికి ఊరికి పోయిన రోజుల్లో మాత్రం గీత మళ్లీ పడేది. సంతలో మద్దిలేటి పంచె ఎండకు ఎత్తి చూసి, గిడ్డమ్మ ఇంట్లో లేదు అనుకునేవాళ్లం.