రాహుకాలంలో బిగించిన గట్టరు

మా వీధిలో మూడోసారి సిమెంటు రోడ్డు వేసినప్పుడు మా ఇల్లు రోడ్డు కంటే మోకాలెత్తు కిందికి పోయింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోసుకుంటూ పోవడం మన పంచాయతీల పద్ధతి. ఊళ్ళో ఎవరూ ఎందుకని అడగరు. అంతకు ముందు మా పెంకుల కప్పు మీంచి జారిన వాన నీళ్ళు పక్క సందులో మట్టిలో పడి కాలవలోకి పోయేవి. ఇప్పుడు సందులోనూ పోసిన సిమెంటు మీద పడి, ఎగిరి, వెనక గది గోడను కొట్టసాగాయి. అది మా తాత కట్టించిన గోడ. లోపల రాయీ మట్టీ, పైన సున్నం. రెండు వానాకాలాలకు సున్నం పొక్కులు లేచి రాలింది. మూడో వానాకాలంలో మట్టి బయటపడింది. ఇంకో వానాకాలం ఇది ఆగదని తాపీమేస్త్రి గోడ మీద అరచెయ్యి ఆనించి చెప్పాడు.

ఆ గదిలో మా అక్క ఉండేది.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ముప్పై రెండో ఏట బావ పోయాడు. పదో రోజున ఆమె గాజులు తీయించడానికి చుట్టాల్లోని ఆడవాళ్ళు వచ్చారు. ఇరవై ఏళ్ళ నేను ఆ వెనక గది గుమ్మానికి అడ్డంగా నిలబడి సాయంత్రం దాకా వాదించాను. వాళ్ళు నా మాటలకు ఒప్పుకున్నారని ఇప్పుడు అనుకోను. ఆకలేసి వెళ్ళిపోయి ఉంటారు. ఆ తరవాత నలభై ఏళ్ళ పాటు జాతకాల మీద, బాబాల మీద, తాయెత్తుల మీద ఎన్నో సభల్లో మాట్లాడాను, కరపత్రాలు రాశాను, రెండు సార్లు రాళ్ళ దెబ్బలు తిన్నాను. ఇన్నిటిలో ఒక మనిషికి ఒక వస్తువు మిగిలింది ఆ గుమ్మం దగ్గర ఒక్కసారే. అక్క చేతులకు గాజులు ఉన్నాయి. వినుకొండలో ఉన్న కూతురు ఎన్నిసార్లు రమ్మన్నా ఆమె ఆ గది వదల్లేదు. నా గది ఉండగా అల్లుడి ఇంట్లో మంచం వేయించుకోవడం ఎందుకనేది.

గోడను కాపాడాలంటే చూరు పొడవునా గట్టరు పెట్టించాలి. కప్పు మీంచి జారే నీళ్ళను పట్టి, ఒక మూల గొట్టంలోంచి కాలవలోకి దింపే ప్లాస్టిక్ దోనె అది. ఈ ఆలోచన అక్కదే. మాఘమాసంలో ఒక పొద్దున ఆమె పంతులుగారిని అడిగి వచ్చానంది. ఫాల్గుణంలో మంచి రోజు ఉందట. అది దాటితే వైశాఖంలో మూఢం వస్తుంది గనక అప్పుడు కొత్త పని మొదలుపెట్టకూడదట.

శుక్రుడో గురుడో సూర్యుడి వెలుగులో పడి కంటికి కనపడకుండా పోయే రోజులను మూఢం అంటారు. కోట్ల మైళ్ళ దూరంలో ఒక గ్రహం కనపడకపోతే ఇక్కడ మనిషి పెళ్ళి చేసుకోకూడదు, పునాది తీయకూడదు, బోరు వేయకూడదు. ఇప్పుడు ప్లాస్టిక్ దోనె కూడా ఆ జాబితాలో చేరింది. నేను అక్క మీద అరవలేదు. ఆమె మీద ఎప్పుడూ అరవను. నేరుగా టీ కొట్టు దగ్గరికి వెళ్ళి అక్కడ అరిచాను.

టీ కొట్టులో మా వీధి పెద్ద ఒకాయన ఉన్నాడు. వరసకు బాబాయి. మిరప పండిస్తాడు. గింజ నాటడం నుంచి గుంటూరు యార్డుకు లారీ ఎక్కించడం దాకా పంచాంగం చూడకుండా చెయ్యడు. ఆయన మనవడు కొత్త ఇల్లు కట్టాలని అనుకుంటున్నాడు. మాటా మాటా పెరిగింది. ఈ గట్టరు మూఢంలోనే బిగిస్తాను, అదీ బుధవారం రాహుకాలంలో, పన్నెండింటి నుంచి ఒకటిన్నర లోపల, నలుగురి ముందూ బిగిస్తాను అన్నాను. వానాకాలం గడిచేదాకా అది నిలబడితే ఏం చేస్తావు అని అడిగాను.

"నిలబడితే మా వాడి ఇంటికి మూఢంలోనే కొబ్బరికాయ కొట్టిస్తానురా అబ్బాయ్," అన్నాడాయన.

ఒక ఊళ్ళో ఒక ఇంటికి మూఢంలో పునాది పడటం చిన్న విషయం కాదు. దాన్ని చూసి ఇంకో పది ఇళ్ళ వాళ్ళు కదులుతారు. నేను ఇంటికి వచ్చే లోపే ఆ పది ఇళ్ళూ నా కళ్ళకు కనపడ్డాయి. అక్క గోడ కనపడలేదు.

ఫాల్గుణంలో పంతులుగారు చెప్పిన రోజు వచ్చింది, పోయింది. ఆ వేళ నేను పెరట్లో నిలబడిన సంగతి గుర్తుంది. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు. పొలాల్లో మిరప కోతలు జరుగుతున్నాయి, గాలి ఆడినప్పుడల్లా కళ్ళాల ఘాటు ఇంట్లోకి వస్తోంది. పైపుల పనిచేసే అతను ఖాళీగానే ఉన్నాడు. అయినా రెండు నెలలు ఆగాను.

అతను పేటలో ఉంటాడు. నా దగ్గర చదువుకున్నవాడే, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. వైశాఖంలో కొలతలకు వచ్చినప్పుడు, పొద్దున్నే ఆరింటికల్లా బిగిద్దామండీ, మధ్యాహ్నం వద్దు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చర్చికి వెళ్ళేవాళ్ళకు కూడా రాహుకాలం భయం పట్టుకుందా అనుకున్నాను. అలాంటి వాళ్ళను చాలామందిని చూశాను. పాస్టరు ఒక తేదీ చెబితే ఇంటికి పోయి చాటుగా క్యాలెండరు తిప్పి చూస్తారు. అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి గ్రహాల గురించి, భయం మనిషిని ఎలా బానిసను చేస్తుందో దాని గురించి చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు. సరేనండి మాస్టారూ, మీరెప్పుడంటే అప్పుడే అన్నాడు.

బుధవారం వచ్చింది. ఎదురింటి అరుగు మీద బాబాయి, ఇంకో ఆరుగురు కూర్చున్నారు. పన్నెండు కొట్టగానే మొదలుపెట్టమన్నాను. నిచ్చెన మెట్లకు తడిగోనె చుడితే తప్ప అతను కాలు పెట్టలేకపోయాడు. గట్టరు ముక్కలు పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. అతుకులకు పూసే జిగురు పూసీ పూయక ముందే ఎండిపోతోంది. పది అడుగుల ముక్కలు మూడు, ఒకదాన్నొకటి ఒత్తుకునేలా, రెండు చివర్లూ మేకులతో గట్టిగా బిగించాడు. కింద నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఒంటిగంటా పది నిమిషాలకు పని అయిపోయింది. చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే. అక్క బయటికి వచ్చి అతనికి మజ్జిగ ఇచ్చి, ఒకసారి పైకి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే మొదటి వాన పడింది. మధ్యాహ్నం మూడింటి దాకా నిప్పులు చెరిగిన ఎండ అరగంటలో చల్లబడిపోయింది. నేను వరండాలో నిలబడి, గట్టరు చివర గొట్టంలోంచి నీళ్ళు కాలవలోకి దూకడం చూసి మురిసిపోయాను. కాసేపటికి వెనక నుంచి కర్ర విరిగినట్టు చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే రెండో అతుకు దగ్గర గట్టరు విడిపోయి, మధ్యలో అరంగుళం సందు వచ్చింది. అంతకు ముందు ముప్పై అడుగుల పొడవునా బొట్లు బొట్లుగా పడే నీళ్ళు, ఇప్పుడు ఆ సందులోంచి మోటారు నీళ్ళలా ఒకే చోట పడుతున్నాయి. పడుతున్నది సరిగ్గా అక్క మంచం వెనక గోడ మీద.

యూరియా సంచులు కోసి తాడుతో కట్టాను. అవి నీళ్ళు నిండి చిరిగిపోయాయి. తడి పెంకుల దగ్గర నిచ్చెన వేస్తే జారిపోతానని పైపుల అతను కబురు పంపాడు. అందులో తప్పేమీ లేదు. ముసురు నాలుగు రోజులు వదల్లేదు. అయిదో రోజు పొద్దున అక్క వంటింట్లో కాఫీ పెడుతుండగా గోడ కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన మట్టి, ఒకదాని తరవాత ఒకటిగా రాళ్ళు. మంచం, ఆమె ట్రంకు పెట్టె, బావ ఫోటో అన్నీ దాని కింద ఉన్నాయి.

వాన వెలిశాక పైపుల అతను వచ్చి, పడిపోయిన గట్టరు ముక్కలను తిప్పి తిప్పి చూశాడు. ఎందుకిలా అయిందని అడిగాను.

"ఎండకి సాగిద్దండి ఇది. సాగినప్పుడు బిగపెడితే చల్లబడ్డాక కుంచించుకుపోయిద్ది, అతుకు ఊడొచ్చిద్ది. పొద్దున్నే బిగించి కాస్త సందు వదలాలండి."

"మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదురా?"

"పొద్దున బిగిద్దామన్నానుగా మాస్టారూ. మీరు అరగంట పాటం చెప్పారు. నాకు రాహుకాలంతో పనేంటండీ?"

నలభై ఏళ్ళుగా జనానికి నేను చెబుతూ వచ్చిన మాట ఒకటే. ఎవడైనా ఏదైనా చెబితే ఎందుకని అడగండి అని. అతన్ని నేను ఎందుకని అడగలేదు. అడగకుండానే జవాబు నాకు తెలుసనుకున్నాను. పంతులుగారు చెప్పిన రోజు గుడ్డిగా చెప్పినా పనికి సరిపోయే రోజు. నా రోజు నేను వాదించి, రుజువులు చూపించి, కావాలని ఎంచుకున్న చెడ్డ రోజు.

అయినా ఊరుకోలేకపోయాను. ఎండ కాసిన రోజు ఒక ముక్కను వీధిలో పెట్టి, పొద్దున టేపుతో కొలిచి, మధ్యాహ్నం బాబాయినీ మిగతా వాళ్ళనూ పిలిచి మళ్ళీ కొలిచాను. కందిగింజంత పెరిగింది. మూడు ముక్కలకు మూడు గింజలు. ఇదీ కారణం, శుక్రుడికీ దీనికీ సంబంధం లేదన్నాను. బాబాయి వంగి టేపును శ్రద్ధగానే చూశాడు.

"ఎండకి ఇది పెరిగిద్దని నీకు తెలవదు. నాకూ తెలవదు. మన పంతులికీ తెలవదు," అన్నాడు నడుం నిమురుకుంటూ. "ఆ రోజు వద్దన్నది మాత్రం ఎవర్రా అబ్బాయ్?"

పక్కనున్న వాళ్ళు నవ్వారు. నేను టేపు చుట్టేశాను. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరైనా ముహూర్తాన్ని కాదంటే మాస్టారి గట్టరు సంగతి చెబుతారు. పక్క ఊళ్ళలో కూడా చెబుతున్నారట. నా కరపత్రాలేవీ అంత దూరం వెళ్ళలేదు.

అక్క ఆషాఢంలో వినుకొండ వెళ్ళింది. అల్లుడు కారు తెచ్చాడు. మట్టి కడిగి ఆరబెట్టిన చీరలను ఆమే సర్దుకుంది. నేను పెట్టె మోస్తూ, వానలు తగ్గగానే గోడ కట్టిస్తాను, వచ్చేద్దువుగాని అన్నాను. ఆమె కారులో కూర్చుని గాజులు మోచేతి వైపు నెట్టుకుంది. ఏదైనా కష్టమైన మాట అనే ముందు అలా చేస్తుంది.

"మూర్తం చూడమని ఇంక అననులేరా. ఈసారి ఎవరితో పందెం వేసుకోకుండా కట్టించు."

కట్టించలేదు. గోడ ఆసరా పోయి కప్పు వాలితే పెంకులు దింపించేశాను. కూతురి ఇంట్లో అక్క హాలులో దివాన్ మీద పడుకుంటోందని, రెండో అంతస్తు గనక కిందికి దిగడం లేదని ఫోన్లో తెలిసింది. రమ్మంటే, వచ్చి ఎక్కడుంటాను అంటుంది.

ఇది మళ్ళీ ఫాల్గుణం. పొద్దున చల్లగా ఉంటోంది, ఆకాశంలో మబ్బు లేదు. గట్టరు బిగించడానికి ఇంతకంటే మంచి కాలం ఏడాదిలో రాదు. వెనక గది ఉన్న చోట బాబాయి నన్ను అడిగి పత్తికట్టె పేర్చుకున్నాడు. గట్టరు ముక్కలను ఎదురింటి వాళ్ళు అడుగు చొప్పున కోసి, చివర్లు మూసి, కోళ్ళకు నీళ్ళు పోస్తున్నారు. నీళ్ళు బాగానే ఆగుతున్నాయి.