హారన్ వైరు పీకేసిన ఉస్తాద్

పోయిన శుక్రవారం బడికి బయలుదేరుతుంటే నకిరేకల్ నుంచి ఉస్తాద్ కొడుకు ఫోన్ చేశాడు. "సారూ, అబ్బా పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్న జాగాలనే..." అన్నాడు. ఒక కాలికే బూటు వేసుకున్న నేను అలాగే కూర్చుండిపోయాను.

హైవే పక్కన రేకుల షెడ్డులో నా బండిని ఇరవై ఏళ్లు బతికించిన మెకానిక్ ఆయన. బండి ఇస్తే వెంటనే పానా పట్టేవాడు కాదు. స్టార్ట్ చేసి, కళ్లు మూసుకుని వినేవాడు. తొందరపెడితే, "జర ఆగు సారూ, అది చెప్తుంటే నువ్వు నడుమ మాట్లాడకు" అని కసిరేవాడు. పిల్లల్ని కసిరే నేను ఆయన దగ్గర నోరు మూసుకునేవాణ్ణి.

తన చేత్తో విప్పి బిగించిన బండి మీద ఒక్కసారి దేశం దాటాలని ఆయన కోరిక. కొన్నేళ్ల క్రితం ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం ఒకే బండి మీద ఖాట్మండు వెళ్లాం. దారి పొడవునా ఆయనే నడిపాడు. నా పని దారి అడగడం, చాయ్ దుకాణాలు వెతకడం.

ఎండనూ కొండ మలుపులనూ ఆయన లెక్కచేయలేదు. కష్టమంతా ఆ ఊళ్లోనే. మనుషులు, మోటారు సైకిళ్లు, చిన్న బస్సులు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి, ఎవరూ హారన్ మాత్రం కొట్టరు. అక్కడ కొట్టకూడదట. మా ఉస్తాద్ బొటనవేలికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? రెండుసార్లు పోలీసులు ఆపేసరికి ఆయనకే సిగ్గేసింది. బండి పక్కకు తీసి హారన్ వైరు పీకేశాడు. "ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

పది నిమిషాలు కాలేదు. కూరగాయల బుట్టతో ఒక ముసలావిడ అడ్డం వచ్చింది. మన దగ్గర బ్రేకు కన్నా ముందు హారనే కదా, ఆయన అదే నొక్కాడు. అది పలకలేదు. ఆమెను తప్పించబోయి ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. ఆమెకేమీ కాలేదు. ఉస్తాద్ కుడి మణికట్టు వాచిపోయింది.

"తప్పు నాదే సారూ, బ్రేకు జాగాల హారన్ కొట్టిన" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటి నుంచి బడికి తప్ప బండి నడిపినవాణ్ణి కాదు నేను.

"బండిని లారీల ఎక్కిద్దాం ఉస్తాద్, మనం బస్సుల పోదాం" అన్నాను.

"లారీల ఎక్కిస్తే అది బండి కాదు, సామాను. నువ్వు నడుపు. లైట్లు చూడకు, ముంగటోని కాలు చూడు. కాలు కిందికి దిగుతాందంటే వాడు ఆగుతడన్నట్టు. గంతే."

మరునాడు పొద్దున నేనే నడిపాను. వెనక నుంచి "కాలు... కాలు... ఇగ పోనియ్" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆయన లారీకి ఒప్పుకుని ఉంటే మళ్లీ బండి ముట్టేవాణ్ణి కాదు. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు మీతో అంటున్నాను.

ఊరి చివర పెద్ద కూడలి వచ్చింది. నాలుగు వైపుల నుంచీ బళ్లు ముసురుకున్నాయి. వెనక మాట ఆగిపోయింది. "ఉస్తాద్?" అన్నాను. పలకలేదు. భయమేసింది. అంతలో ఆయన హెల్మెట్ బరువుగా నా వీపుకు ఆనింది, సన్నగా గురక వినిపించింది. అంత గుంపులో, నా వెనక, ఆయన నిద్రపోయాడు. నేను కుదుపు లేకుండా బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాను.