మిరప కల్లంలో పునీతుల కథలు

రెంటచింతల మిరప కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్లంతా సువార్తమ్మ పక్కన చోటు కోసం ముందే వస్తారు. ముక్కుకు కొంగు చుట్టుకుని, బొటనవేలి గోటితో తొడిమ తుంచుతూ ఆమె చర్చిలో విన్న పునీతుల జీవితాలు చెబుతుంది. వింటుంటే పక్కవీధి వాళ్ల సంగతులు చెబుతున్నట్టే ఉంటుంది. ఫ్రాన్సిస్ గారు ఆస్తి వద్దని ఒంటిమీది బట్టలు విప్పి తండ్రికే ఇచ్చేసిన చోట ఆగి, "ఆ తల్లి ఎంత ఏడ్చుంటదో" అని కళ్లు తుడుచుకుంటుంది. అవి మిరప ఘాటుకు వచ్చిన నీళ్లా అని ఎవరూ అడగరు.

ఈ ఏడు కోటేశ్వరమ్మ కొత్తగా పనికి వచ్చింది. కుష్ఠు పూర్తిగా నయమైందని ఆసుపత్రిలో చెప్పి పంపినా, వంకరపోయిన ఆమె వేళ్లు చూసి అందరూ ఎడంగా జరిగారు. ఆమె గోడవారన ఒక్కతే అన్నం తినేది. ఒకరోజు భోజనాల వేళ సువార్తమ్మ డేమియన్ గారి కథ ఎత్తుకుంది. దూరదేశపు దీవిలో కుష్ఠురోగులతో కలిసి ఒకే గిన్నెలో తిన్న ఫాదర్ ఆయన.

"నువ్వయితే తింటావా పిన్నీ?" అని పక్కనున్న శాంతమ్మ అడిగింది. అందులో ఎగతాళి లేదు.

మొదట్లో అందరితోపాటు సువార్తమ్మా ఎడంగా జరిగిన మనిషే. మోకాళ్లు పట్టుకుని లేచి, అన్నం గిన్నెతో గోడ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"ఏమే, కూరేంది?"

"గోంగూర పిన్నీ."

"ఇంత పెట్టు."

"నా చేత్తోనా?" అంది కోటేశ్వరమ్మ.

"పెట్టవే."

సువార్తమ్మ మొదటి ముద్ద నీళ్లతో మింగింది. రెండోది నెమ్మదిగా నమిలింది. "చానా ఉప్పేశావు. ఎవరు నేర్పారే నీకు వంట?" అని కసిరింది. కోటేశ్వరమ్మ నవ్వాపుకుంటూ ఇంకాస్త వడ్డించింది.