బటన్ లేని పియానో

అఫ్జల్‌గంజ్‌లో కైలాసం సేటు దుకాణం బోర్డు మీద ‘పియానోలు, హార్మోనియంలు’ అని రాసి ఉంటుంది. సేటు తాత రాయించిన బోర్డు. అందులో హార్మోనియంలు నిజమే. పియానో మాత్రం సేటుకు తెలిసి ఆ గడప దాటి లోపలికి వచ్చింది లేదు. ఇప్పుడు అమ్ముడుపోయేవి కీబోర్డులు. కీబోర్డు కొన్నవాళ్లకు మూడు నెలల పాఠాలు ఉచితం. ఆ ఉచితం పేరు డానియేలు.

యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు అతనిది. తండ్రి భిక్షపతి కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ కార్మికుడు. కొడుకును కూడా ఎట్లాగోలా అక్కడే పెట్టించాలని చూశాడు. చర్చిలో హార్మోనియం ముందు కూర్చున్న కొడుకు లేవలేదు. “పెట్టె వాయించుకుంట బతుకుతవారా?” అని అడిగేవాడు తండ్రి. బతికాడు, అంతే. తోటివాళ్లు ఫ్యాక్టరీ ఉద్యోగాలతో సొంత ఇళ్లు కట్టుకుంటుంటే, డానియేలు దుకాణం మేడమీద రేకుల గదిలో, కింది నుంచి వచ్చే బస్సు హారన్ల మధ్య పిల్లలకు పాటలు నేర్పుతూ యాభై దాటాడు.

అతనికి ఒక విద్య ఉంది. పాతబస్తీ చిన్న చర్చిల్లో వాయించేవాణ్ని శ్రుతి అడిగి ఎవరూ పాడరు. ఎవరో ఒక ఆమె కూర్చున్న చోటి నుంచే, ఆ రోజు గొంతు ఎంత లేస్తే అంత ఎత్తులో పాట అందుకుంటుంది. వెనక వాయించేవాడు ఆ ఎత్తు పట్టుకోవాలి. మొదటి మాట పూర్తయ్యే లోపల డానియేలు చెవి పట్టేస్తుంది. “ప్లస్ రెండు,” “మైనస్ ఒకటి” అనుకుంటాడు లోపల. ఎడమ చెయ్యి కీబోర్డు అంచున ఉన్న బటన్ మీదికి పోతుంది. ఒకటి నొక్కితే యంత్రమే శ్రుతిని పైకి లేపుతుంది, ఇంకోటి నొక్కితే దించుతుంది. వేళ్లు మాత్రం ఎప్పటిలాగే అవే తెల్ల మెట్ల మీద తిరుగుతాయి.

శిష్యులకూ అదే నేర్పాడు. బటన్ లేకుండా వాయించాలంటే ఒక్కో శ్రుతికి ఒక్కో స్కేలు, నల్ల మెట్లు కలుపుకుని వేళ్లు వేరే దారిలో నడవాలి. అన్ని స్కేళ్లూ నేర్పాలంటే ఏళ్లు పడుతుంది. ఏళ్లు ఎవరి దగ్గరున్నాయి? పాస్టరుకు క్రిస్మస్ నాటికి వాయించేవాడు కావాలి. భజన మండలికి గణపతి పండుగ నాటికి కావాలి. సేటుకు రేపటికి ఇంకో కీబోర్డు పోవాలి. అట్లా పాతబస్తీ నిండా డానియేలు శిష్యులు తయారయ్యారు. అందరూ తెల్ల మెట్ల మీదే.

ఆ యేడు వానలు తగ్గాక బోర్డు మీది మాట నిజమైంది. కంచన్‌బాగ్ దారిలో కొత్తగా వెలిసిన ఒక స్కూలువాళ్లు పియానో కావాలన్నారు. సేటు ఎక్కడెక్కడో తిరిగి, సికింద్రాబాద్‌లో తెల్లదొరల నాటి బంగళాలో మూలన పడి ఉన్న పియానో సంపాదించాడు. బాగు చేయించాడు. దాంతోపాటు నేర్పే మాస్టరు కూడా కావాలని స్కూలు అడిగింది. నెలనెలా జీతం, పక్కా ఉద్యోగం.

“నా దగ్గరున్నడు గద మస్తు మాస్టర్, ఇంకెవరో ఎందుకు?” అన్నాడట సేటు.

డానియేలుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భార్య కృష్ణమ్మ పొద్దున్నే పోయి పాస్టరుకు చెప్పింది, ప్రార్థనలో పెట్టించింది. స్టాఫ్ రూములో తనకో కుర్చీ ఉంటుందా అని డానియేలు ఆలోచించాడు. తండ్రి బతికుంటే ఆయనకు చూపించేవాడు.

పియానో దుకాణంలో దిగిన రోజు దాని ముందు నిలబడిపోయాడు.

“ఏంది మాస్టర్ గట్ల చూస్తున్నవ్? కరవదు, కూసో,” అన్నాడు సేటు.

కూర్చుని తనకు బాగా వచ్చిన పాట ఒకటి వాయించాడు. దుకాణం ముందు జనం ఆగారు. ఇంకో పాట అందుకోబోతూ ఎడమ చెయ్యి అలవాటుగా అంచుకు పోయింది. అక్కడ కట్టె తగిలింది.

“సేటు, దీనికి బటన్ లేదు.”

“లేకపోతే ఏమాయె? మెట్లు గిన్ని ఉన్నయి, సాలవా నీకు?”

డానియేలు నవ్వాడు, నవ్వాల్సి వచ్చింది కాబట్టి. పియానో అక్కడ ఉన్నన్ని రోజులూ దుకాణం తెరవక ముందే వచ్చి నల్ల మెట్లు కలిసిన స్కేళ్ల మీద చేయి తిప్పాడు. బొటనవేలు ఎక్కడ వంగాలో దానికి తెలియదు. ఒక పాట ఒక కొత్త స్కేలులో వచ్చీరానట్టు వచ్చింది. సరే, శ్రుతి ముందు తానే ఇస్తే పిల్లలు దాన్నే పట్టుకుంటారు కదా, అని ధైర్యం చెప్పుకున్నాడు.

పియానోను స్కూలుకు తీసుకుపోయే రోజు హమాలీ మున్నా చెమట తుడుచుకుంటూ అన్నాడు: “మాస్టర్ సాబ్, ఏం పెట్టి పెంచిండ్రు దీన్ని? బర్రె నయం, అదన్న నడుస్తది.”

స్కూలు హాల్లో పిల్లలు వరసల్లో నిలబడ్డారు. వెంట వచ్చిన సేటు పియానో పక్కన నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ హరిచందన మేడం నవ్వుతూ కుర్చీ చూపించింది. డానియేలు కూర్చుని చేతులు పెట్టేలోపే ముందు వరసలో ఒక పాప ప్రార్థన అందుకుంది. రోజూ అట్లాగే మొదలుపెడతారట.

ప్లస్ మూడు. డానియేలుకు వెంటనే తెలిసింది. పాప గొంతు ఎక్కడ నిలబడిందో, తర్వాత ఎక్కడికి ఎక్కుతుందో కూడా తెలుసు. చెవికి అన్నీ తెలుసు, వేళ్లకే ఏమీ తెలియదు. వెతుక్కుంటూ తప్పు మెట్టు నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. చివరికి తన తెల్ల మెట్లకే వచ్చేశాడు. పాట ఒకవైపు, పియానో ఒకవైపు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాప ఆపేసింది.

“ఇంకోసారి చూడండి మాస్టారూ. పిల్లల శ్రుతిలోనే,” అంది మేడం.

“మేడం, నేను ముందుగాల ఇస్త. నా ఎనక పాడమనుండ్రి.”

పాడారు. ఆ శ్రుతి వాళ్లకు మరీ తక్కువ, కింది స్వరాల దగ్గర మాటలు గొంతులోకి దిగిపోయి వినపడలేదు. మేడం చెయ్యెత్తి పిల్లల్ని క్లాసులకు పంపేసింది. చివరి పిల్లవాడు తలుపు దాటాక డానియేలు వైపు తిరిగింది.

“మీ చెయ్యి బాగుంది. కానీ మాకు పియానో పరీక్షలు పెట్టే ఆలోచన ఉంది. అన్ని స్కేళ్లూ వచ్చినవాళ్లు కావాలి,” అంది మెల్లగా.

డానియేలు నోరు తెరిచేలోపే సేటు అందుకున్నాడు. “ఈయన కీబోర్డు మాస్టర్ మేడం. పియానోకు వేరే మనిషిని పంపిస్త. మీరు ఫికర్ చెయ్యకుండ్రి.”

తిరుగు ఆటోలో సేటు అతని భుజం తట్టాడు. “పోనీయ్. పియానో అయితే దిగింది.” ఆ మాటలో చెడేమీ లేదు. అదే డానియేలుకు మింగుడు పడలేదు.

ఇంట్లో కృష్ణమ్మ గడపలోనే అడిగింది. “ఏమన్నరు?”

“తీస్కోలే. నాకు వాయించుడు రాదన్నరు.”

“ఎవరికి, నీకా?” కృష్ణమ్మకు కోపంతో మాట తడబడింది. “చర్చి మొత్తం నీ చేతి మీద నడవట్లేదా? అడ్డంపడ్డది ఆ సేటే. తన మనిషిని పెట్టుకుంటడు. నువ్వు పోతే ఆయనకు ఉత్తగ నేర్పేటోడు ఏడ దొరుకుతడు?”

కాదని చెప్పాల్సింది. డానియేలు అన్నం ముందు కూర్చున్నాడు.

ఆదివారం నాటికి ఆ మాట సందంతా తిరిగింది. పాస్టరు బాలరాజ్ డానియేలు పేరు పెట్టి ప్రార్థన చేశాడు. పేదవాడి పని లాక్కున్నవాళ్ల సంగతి దేవుడే చూసుకుంటాడన్నాడు. ఆమెన్ గట్టిగా వినపడింది. ఎన్ని ఆదివారాలు వాయించినా డానియేలు వైపు అంతమంది ఎప్పుడూ చూడలేదు. బయటికి వచ్చాక ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

కొడుకు వెస్లీ కీబోర్డు సంచి భుజానికి తగిలించుకుని బైకు తీశాడు. “బాపు, నేను సేటు కాడికే పోతున్న. ముఖం మీద అడుగుత.”

డానియేలు అతన్ని గోడ పక్కకు లాక్కుపోయాడు. “పోకు. సేటు తప్పేం లేదు. నాకొచ్చింది ఒక్క స్కేలు. నీకు నేర్పింది గూడ గదే.”

 వెస్లీ నవ్వాడు. “ఏ చర్చిల అడిగిండ్రు బాపు రెండోది?” సాయంత్రం ఇంకో చోట ప్రోగ్రాం ఉందని బైకెక్కి వెళ్లిపోయాడు.

డానియేలు వెనక్కి తిరిగేసరికి గేటు దగ్గర ఇద్దరు ముసలివాళ్లు తన కోసమే నిలబడి ఉన్నారు.

“పెద్దోళ్లు గట్లనే చేస్తరు డానియేలన్నా. మనకు మంచిగొచ్చుడే వాళ్లకు కంటగింపు,” అన్నాడు ఒకాయన.

డానియేలు అవునన్నట్టు తల ఊపాడు.