మొదటి చీర

ఎనిమిదేళ్లుగా ఒక చిన్న మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీ ముందు పెడుతున్నాను. జాలి పడకండి. దానికి నేను తగను.

మాది ఎమ్మిగనూరు. మగ్గం నేస్తాను. మగ్గం మీది పడుగు, అంటే నాలుగైదు చీరలకు సరిపడా నిలువు పోగులు, అయిపోతే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ పనికి ఆదోని నుంచి మాబన్న వచ్చేవాడు. అరవై దాటిన మనిషి. పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని, పొద్దస్తమానం పోగులతో ముచ్చట్లాడుతూ అతికేవాడు.

చూస్తే నాకు ఒళ్లు మండేది. నా పని మీద నాకే అసహ్యం. మగ్గం గుంటలో కాళ్లు పెడితే గోతిలో దిగినట్టుండేది. ఆ అసహ్యం లేని మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎలా భరించాలి?

ఒకరోజు అడిగేశాను. "బూడిద పూసుకొని పోగులు పులిమేదానికి ఇంత సంబరమా మాబన్నా?"

"ఎట్లైనా సెయ్యి ఆడించల్ల కదప్పా. మొగం మాడ్సుకొని ఎందుకు ఆడించల్ల? ఇన్ని వేల పోగులు నాతో సెయ్యి కలిపి పోతాండాయి. నీ మగ్గం సూడు, నీ మొగానికి భయపడి వణుకుతాంది!"

నా భార్య పక్కుమని నవ్వింది. ఆ నవ్వు నాలో దిగబడిపోయింది.

ఆ పడుగులో మొదటి చీర శుభ్రంగా వచ్చింది. నాకు నూలిచ్చి నేయించే సావుకారు తీసుకెళ్లి అమ్మేశాడు. రెండో చీర మొదట్లో అంచు పోగులు కొన్ని తెగాయి. వరస చూసి ముడేయాలి. నేను కోపంగా చేతికందినదానికి చేతికందింది ముడేశాను. రంగులు తారుమారయ్యాయి. అంచు పొడుగునా చెడ్డ గీత. కనబడలేదా? కనబడింది. విప్పలేదు. మిగతా చీరలన్నీ అలాగే నేశాను.

సావుకారు నిలదీస్తే, "మాబన్నకు చూపు ఆనడం లేదు, తప్పు అతికినాడు" అన్నాను. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! వారం తిరక్కుండా ఊళ్లో మాబన్నను పిలిచే మగ్గం లేకుండా పోయింది.

ఆయన ఒక్కసారి వచ్చాడు. గడప దాటలేదు.

"అతుకుడు తప్పుంటే మొదటి చీరలోనే పడల్ల గదప్పా. అది ఎట్లుండె? సావుకారికి నువ్వే సెప్పు."

ఆ చీర అమ్ముడుపోయింది. నేను తప్ప సాక్ష్యం లేదు. నేను మగ్గం ఆపలేదు. తల ఎత్తలేదు. చప్పుడు ఇంకా పెంచాను.

పోయినేడు ఆదోని బస్టాండులో కనబడ్డాడు. బెంచీ మీద కూర్చుని బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానికొకటి రుద్దుకుంటున్నాడు. వేళ్ల మధ్య పోగు లేదు. నేను బస్సు చాటుకు తప్పుకున్నాను. థూ, నా బతుకు!

ఇప్పుడు నా పడుగు నేనే అతుక్కుంటున్నాను. ఏ కొన్ని వందల పోగులో దాటాక చెయ్యి దానంతటదే ఆడుతుంది. లోపల మంట కాసేపు సద్దుమణుగుతుంది. ఆయన చెప్పింది ఇదే కదా అని తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం మళ్లీ మండిపోతాను. ఆ కాసేపటి సుఖం నాకెవడిచ్చాడు? ఆయన దగ్గర లాక్కున్నదే కదా?

రేపు సావుకారు ముందుకు వెళ్తానా, ఆదోని బస్సెక్కుతానా? తెలియదు. అంత ధైర్యమే ఉంటే ఎనిమిదేళ్లు పట్టేదా? కానీ మాట గొంతు దాటింది.

మొదటి చీర బాగుంది మాబన్నా. ఒక్క పోగు తప్పలేదు.