కార్గిల్‌కు వెళ్ళిన ఆవకాయ

నా చిన్నప్పుడు నేనొక యుద్ధంలో పాల్గొన్నాను. మంచుకొండలు, ఫిరంగులు, త్యాగాలు, కన్నీళ్ళు అన్నీ ఉన్న మహాగాథ ఇది, కాస్త సర్దుకుని కూర్చోండి. ఇలా మొదలుపెడితే బాగానే ఉంటుంది గానీ, ఆ కొండలూ ఫిరంగులూ కార్గిల్‌లో ఉన్నాయి. నేను కంకిపాడు దగ్గర ఒక మగపిల్లల హాస్టల్లో ఎనిమిదో తరగతిలో ఉన్నాను. మా దగ్గర ఎత్తైన ప్రదేశమంటే నీళ్ళ ట్యాంకు. కన్నీళ్ళు మాత్రం నిజమే. అవి కూడా చాలావరకు ఆవకాయ వల్ల వచ్చినవి.

ఇప్పుడు మా వీధిలో పిల్లలు నన్ను అంకుల్ అంటున్నారు. కాబట్టి ఇలాంటివి చెప్పుకునే వయసు వచ్చిందనే అనుకుంటున్నాను.

ఆ ఏడు బడి తెరిచేసరికి యుద్ధం జోరుగా సాగుతోంది. మా ట్రంకుపెట్టెల్లో మాత్రం ఎప్పటిలాగే రెండు జతల యూనిఫారం, ఒక దుప్పటి, పాత పేపరులో చుట్టిన ఆవకాయ డబ్బా ఉన్నాయి. హాస్టల్ మెస్సులో కూడా ఆవకాయ అనే పదార్థం పెట్టేవాళ్ళు. అది ఎర్రగా ఉండేది. అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు. అందుకని ఇంటి డబ్బాను దసరా సెలవుల దాకా పొదుపుగా వాడుకునేవాళ్ళం. ఇల్లు మరీ గుర్తొచ్చిన రోజున మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. వాళ్ళను నేను బాగా ఏడిపించేవాడిని. నేను ఆ పని ఎవరూ లేనప్పుడు చేసేవాడిని.

నా పక్క మంచం వాడిది అవనిగడ్డ వైపు ఊరు. వాళ్ళ నాన్న మిలట్రీలో ఉండేవారు. ఎక్కడున్నారో వాళ్ళ అమ్మకు కూడా సరిగ్గా తెలియదు, పైన ఎక్కడో అని మాత్రం తెలుసు. యుద్ధం మొదలైనప్పటి నుంచీ ఆయన దగ్గర నుంచి కబురు లేదు. వాడు ఏడవలేదు. మాట్లాడటం తగ్గించాడు, అన్నం తినడం ఇంకా తగ్గించాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపి లేచేవాడు. సాయంత్రం టీవీలో వార్తలు వస్తుంటే అందరం కేరింతలు కొట్టేవాళ్ళం, వాడు తెర దగ్గరికి వెళ్ళి సైనికుల మొహాలు చూసేవాడు. మధ్యలో కరెంటు పోతే మాకు యుద్ధం ఆగినట్టుండేది. వాడు మాత్రం ఆ చీకటి టీవీ ముందే నిలబడేవాడు.

మా హిందీ మాస్టారికి ఉపన్యాసాలంటే ప్రాణం. ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆయన గొంతు వణికించి, దేశం కోసం మీరేం ఇవ్వగలరు అని అడిగారు. ఎవరూ కదల్లేదు. ఇంత నిశ్శబ్దాన్ని వృథా పోనివ్వడం నాకు చేతకాదు. ఆవకాయ ఇవ్వగలమండీ, పాపం అక్కడ వాళ్ళకి రొట్టెలేగా అన్నాను. నవ్వులు వస్తాయని ఎదురుచూశాను. రాలేదు. మా పక్క మంచం వాడు లేచి నిలబడ్డాడు.

"మా నాన్నకి ఆవకాయంటే చాలా ఇష్టమండి" అన్నాడు.

అంతే, నా జోకు తీర్మానమైపోయింది. మర్నాటికల్లా వరండాలో డబ్బాలు బారులు తీరాయి. ప్లాస్టిక్‌వి, గాజువి, హార్లిక్స్ సీసాలు. సలహా ఇచ్చిన పాపానికి అందరికంటే ముందు నా డబ్బా పెట్టాల్సి వచ్చింది. అందులో మా అమ్మ శనగలు వేసి కలిపిన ఆవకాయ ఉంది. ఇంకా సగం కూడా తినలేదు. వాడు తెచ్చిన స్టీలు డబ్బా మూత మీద వాళ్ళ నాన్న పేరు చెక్కి ఉంది. విజయవాడ వన్ టౌన్‌లో గిన్నెల కొట్లో కొన్నప్పుడు కొట్టించిన పేరు అది. పేరుంది కాబట్టి మిగతావి ఎవరికి చేరినా ఇది మాత్రం నాన్నకే చేరుతుందని వాడు నాకు వివరంగా చెప్పాడు. దానికి అనదగ్గ మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆ పూట ఎందుకో ఒక్కటీ బయటికి రాలేదు.

డబ్బాలను విజయవాడ తీసుకెళ్ళే బాధ్యత మా వార్డెన్ మాస్టారి మీద పడింది. ఆయన సైన్సు చెప్పేవారు. నవ్వగా చూసినవాళ్ళు హాస్టల్లో లేరు. ఆటో ముందు కొబ్బరికాయ కొట్టాం, జేజేలు పలికాం, హిందీ మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. ఆటో స్టార్ట్ కాలేదు. కాలువ వంతెన దాకా తోసుకుంటూ వెళ్ళి సాగనంపాం.

సాయంత్రం ఆయన తిరిగి వచ్చి, పనైపోయిందని మాత్రం చెప్పి గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు మా పక్క మంచం వాడు కంచంలో అన్నం మొత్తం తిన్నాడు. చారు మళ్ళీ పోయించుకున్నాడు. తర్వాత కూడా రోజూ అలాగే తిన్నాడు. రైలు ఇప్పుడు ఎక్కడిదాకా వెళ్ళి ఉంటుందని భోజనాల దగ్గర నన్ను అడిగేవాడు. నాకు తెలిసిన స్టేషన్లన్నీ అయిపోయాక మిగతావి కల్పించి చెప్పేవాడిని.

కొన్నాళ్ళకు మెస్సులో ఆవకాయ రుచి మారింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఒక మధ్యాహ్నం ముద్దలో శనగ తగిలింది. మెస్సు ఆవకాయలో శనగలు వేసేంత ఉదారత మా కాంట్రాక్టరుకు లేదు. ఇంకో ముద్ద తిన్నాను. మా అమ్మ చేతి కారం అది. చుట్టూ చూస్తే ఒకడు ఇవాళ అచ్చం మా ఇంట్లోలా ఉందిరా అంటున్నాడు. ఇంకొకడు వెల్లుల్లిపాయ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎవరింట్లోదో బెల్లం ఆవకాయ, ఎవరింట్లోదో నువ్వుల నూనె, ఎవరో నాయనమ్మ మరీ ఎక్కువ వేసిన మెంతులు, అన్నీ ఒకటే గుండిగలో కలిసిపోయాయి. ఒక్కో ముద్దకి ఒక్కో ఇల్లు తగిలేది.

నాకు విషయం అర్థమైపోయింది. కార్గిల్‌కు వెళ్ళిన ఆవకాయ వంటింటి దాకా వెళ్ళి ఆగింది. ఇంత మంచి జోకు నాకు మళ్ళీ దొరకదని అప్పుడే తెలుసు. సాయంత్రం అందరి ముందూ చెబుదామని నిర్ణయించుకున్నాను. ముందు వార్డెన్ మాస్టారి మీద ఒకసారి ప్రయోగించి చూద్దామనిపించి ఆయన గదికి వెళ్ళాను. మన సైన్యం ఇప్పుడు మెస్సులో భోజనం చేస్తోందాండీ అని అడిగాను.

ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించారు. ఆ హాస్టల్లో నాకు కుర్చీ చూపించడం అదే మొదలు. పోస్టాఫీసులో తీసుకోలేదని, రైల్వే పార్శిల్ ఆఫీసులో నూనె కారే సరుకు వద్దన్నారని, గవర్నర్‌పేటలో తెలిసిన లారీ ఆఫీసు వాళ్ళను అడిగితే నవ్వారని చెప్పారు. వెనక్కి తెచ్చి ఎవరి డబ్బా వాళ్ళకు ఇచ్చేద్దామనే బయల్దేరారట. తీరా వచ్చేసరికి మా పక్క మంచం వాడు గేటు దగ్గర ఎదురుచూస్తూ ఉన్నాడట. దూరం నుంచే వాడిని చూసి, ఆటోను వెనక దారిన వంటింటికి తిప్పించి అన్నీ గుండిగలోకి వంపించేశారట. స్టీలు డబ్బా మాత్రం మూత తీయకుండా ఆయన బల్ల కింద పెట్టి ఉంది.

"వాడు ఇప్పుడు అన్నం తింటున్నాడా?" అని అడిగారు.

"తింటున్నాడండి."

"ముందు తినేవాడా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నీ జోకు బాగుందిరా. బాగాలేదని అనను. వాళ్ళ నాన్న వచ్చాక చెప్పు, ఇంకా బాగుంటుంది."

"రాకపోతేనండీ?"

ఆయన వంగి స్టీలు డబ్బాను బల్ల కింద ఇంకాస్త లోపలికి జరిపారు.

"రాకపోతే అది జోకు కాదు."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెబితే మీరు నమ్మరు. నోట్లో జోకు పెట్టుకుని మింగకుండా, ఉమ్మకుండా తిరగడం నాలాంటివాడికి తిండి మానేయడం లాంటిది. భోజనాల దగ్గర వాడు పక్కనే కూర్చుని రైలు సంగతి అడిగేవాడు. ఇక చేరిపోయి ఉంటుందని చెప్పాను. అదే నిజమవ్వాలని లోపల ఎంత గట్టిగా కోరుకున్నానో నాకే ఆశ్చర్యం. యుద్ధం అయిపోయిందని టీవీలో చెప్పారు. అందరం గెంతాం. వాడు గెంతలేదు, గేటు వైపు చూశాడు. గుండిగలో ఆవకాయ అడుగంటింది. మెస్సులో మళ్ళీ ఎర్రటి పదార్థం మొదలైంది. వాళ్ళ నాన్న ఇంకా రాలేదు.

వానలు బాగా పడుతున్న ఒక ఆదివారం వార్డెన్ మాస్టారు నన్ను పిలిపించి మంచినీళ్ళు తెమ్మన్నారు. గదిలో నల్లగా, సన్నగా ఒకాయన కూర్చున్నారు. పక్కన తడిసిన పెద్ద సంచీ. విజయవాడలో రైలు దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా ముందు కొడుకుని చూద్దామని వచ్చారు. మాస్టారు బల్ల కింద నుంచి స్టీలు డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టి, జరిగింది క్లుప్తంగా చెప్పారు. ఈ సంగతి తెలిసింది వీడొక్కడికే అని నన్ను చూపించారు. ఆయన మూత మీద తన పేరును బొటనవేలితో తడిమారు. మూత తీసి, వేలితో కొంచెం తీసుకుని నాలుక మీద పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన డబ్బాను సంచీలో పెట్టుకున్నాక, వాడిని పిలుచుకు రమ్మని మాస్టారు నన్ను పంపారు.

వాడు పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. అన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్నే ముందు అడిగాడు.

"ఆవకాయ అందిందా నాన్నా?"

"అందిందిరా. మీ అమ్మ ఎప్పటిలాగే ఉప్పు ఎక్కువేసింది."

వాడు వెళ్ళి వాళ్ళ నాన్న కడుపులో తల పెట్టుకున్నాడు. మాస్టారు నా వైపు చూశారు. చెప్పుకోవచ్చు, గడువు తీరింది అన్నట్టుగా ఉంది ఆ చూపు. నేను నోరు తెరిచాను. ఉప్పు ఎక్కువైతే మజ్జిగన్నంలోకి బాగుంటుందండీ అని మాత్రం అనగలిగాను. అప్పుడు మాస్టారు నవ్వారు. నేనే సాక్షిని.

వాడికి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదువుతాడనే భయం లేదు. చదివే అలవాటే ఉంటే ఫిజిక్సు పాసయ్యేవాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు మోస్తున్నాను. నాలుక మీదికి మంచి మాట రాగానే, ఎదురుగా ఉన్నవాళ్ళలో ఎవరికైనా ఇంకా రావాల్సిన మనిషి ఉన్నాడేమోనని ఒకసారి చూసుకుంటాను. ఇంకొకటి కూడా మిగిలింది, ఆ గుండిగ రుచి. నలుగురైదుగురు చుట్టాలిళ్ళ ఆవకాయలు తెచ్చి గిన్నెలో కలిపి చూశాను. రాలేదు. ఎవరో నాయనమ్మ మెంతులు తక్కువయ్యాయి.

ఇప్పుడైతే కొరియర్‌లో ఆవకాయ తీసుకుంటున్నారు. ప్లాస్టిక్ డబ్బా అయి ఉండాలి, మూత చుట్టూ టేపు వేయాలి, ఆ పైన రెండు కవర్లు చుట్టాలి. గాజు సీసాలు, స్టీలు డబ్బాలు తీసుకోరు.